భివండి మరమగ్గ కుటుంబముల ఆదాయ గణన: వాకిటి ప్రశ్న మొదలు తెరమీది పత్రము వరకు

ముంబయి నగరమునకు ఈశాన్యమున, ఠాణే జిల్లాలో, కామ్వారీ నదీతీరమున నున్న భివండి పట్టణము భారతదేశమునందలి ప్రధాన మరమగ్గ కేంద్రములలో నొకటి. 2011 జనగణన ననుసరించి భివండి-నిజాంపూరు నగరపాలక సంస్థ జనసంఖ్య 7,09,665. ఉత్తరదేశము నుండి వచ్చి స్థిరపడిన మోమిన్, అన్సారీ నేతగాండ్రతో పాటు, తెలంగాణము నుండి వలసవచ్చిన పద్మశాలీలు కూడ ఈ పట్టణపు వస్త్ర పరిశ్రమను పెంచినవారే. పద్మనగర్ అను పేట పేరే అందులకు సాక్ష్యము. అచ్చటి తెలుగువారు మరమగ్గమును 'సాంచ' యందురు. సాంచపై దిగిన గుడ్డను మీటరులలో లెక్కించుట సులభము. ఆ సాంచ నడిపినవాని ఇంటి ఆదాయమును రూపాయలలో లెక్కించుట మాత్రము మిక్కిలి దుష్కరము. నూరేండ్లుగా ఈ దేశపు గణకులు ఆ పనికి పూనుకొనుచు, సగములో విడుచుచు, మరల పూనుకొనుచున్నారు. ఇంటి వాకిట నిలిచి అడిగిన ప్రశ్న టెలిఫోనులోనికి, టెలిఫోను నుండి అంతర్జాల ప్రశ్నపత్రములోనికి మారుచున్న ఈ కాలమున ఆ చరిత్రను పరిశీలించుట ఉచితము. ఏలయన, అడుగు సాధనము మారిన ప్రతిసారియు జవాబు మాత్రమే గాక, జవాబు చెప్పు మనిషియు మారుచున్నాడు.

వలస, పరిశ్రమ

నిజాం రాజ్యమున చేరియుండిన కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి సాలెవారు పడమటి దేశమునకు తరలుట పందొమ్మిదవ శతాబ్దము నుండియు కలదు. సోలాపురము, బొంబాయి, భివండి, సూరతు వారి మజిలీలు. చేమగ్గము మరమగ్గమునకు తావిచ్చిన కొలది భివండికి వలస హెచ్చెను. మరమగ్గముల స్థితిగతులను విచారించుటకు అశోక్ మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1964లో తన నివేదికను సమర్పించెను. 1982 జనవరి 18న బొంబాయి నూలుమిల్లులలో ఆరంభమైన మహా సమ్మె, 1985 నాటి వస్త్ర విధానము, ఈ రెండును పరిశ్రమ భారమును మిల్లుల నుండి మరమగ్గముల వైపునకు ఒరగజేసెను. భివండిలో నేర్చిన పనితో స్వస్థలమునకు మరలినవారివలన సిరిసిల్ల కూడ సాంచల ఊరైనది. ఈ రెండు పట్టణముల నడుమ మనుష్యులు, మగ్గములు, ధనము నేటికిని రాకపోకలు సాగించుచునే యున్నవి.

మిల్లు పనివానికి నెల జీతమనునది యొకటి కలదు. దానిని మిల్లు పుస్తకములో చూడవచ్చును. సాంచ పనివానికి అట్టిది లేదు. అతనికి మీటరు లెక్కన కూలి. వారమునకో పక్షమునకో లెక్క తేలును. విద్యుచ్ఛక్తి పోయిన గంటలకు, నూలు రాని దినములకు కూలి లేదు. ముందుగా తీసికొన్న అడ్వాన్సు లెక్కనాడే కోతపడును. ఇంటిలో ఆడువారు కండెలు చుట్టిన, ఆ డబ్బు ఒక్కొక్కప్పుడు మగవాని కూలిలోనే కలిసి వచ్చును. ఇక నాలుగు సాంచలు పెట్టుకొని, సేటు వద్ద నూలు తెచ్చి, మజూరీకి నేసియిచ్చు చిన్న ఆసామి సంగతి మరియు చిక్కైనది. అతని చేతికి వచ్చిన సొమ్మంతయు ఆదాయము కాదు. కరెంటు బిల్లు, విడిభాగములు, పనివాని కూలి తీసివేయగా మిగిలినదే ఆదాయము. ఆ తీసివేతను అతడు కాగితముపై వేసికొనడు. "మీ నెలసరి ఆదాయమెంత?" అను ప్రశ్న అతనికి అర్థము కాని ప్రశ్న కాదు, సిద్ధముగా జవాబు లేని ప్రశ్న.

తొలి గణనలు

పడమటి భారతమున పనివారి కుటుంబముల ఆదాయవ్యయములను శాస్త్రీయముగా సేకరించు పనిని బొంబాయి ప్రభుత్వము 1921లో స్థాపించిన కార్మిక కార్యాలయము చేపట్టెను. దాని అధిపతి ఫిండ్లే షిరాస్ ఆధ్వర్యమున 1921-22లో బొంబాయి నగరమందు 2,473 కుటుంబముల బడ్జెట్లును, 603 మంది ఒంటరి మగవారి బడ్జెట్లును సేకరింపబడినవి. 1923లో నివేదిక వెలువడెను. ఒంటరి మగవారిని వేరుగా లెక్కించుట ఆ విచారణలోని గొప్ప వివేకము. భార్యాబిడ్డలను ఊర విడిచి చాల్ గదిలో నలుగురితో కలిసి బ్రదుకువాని జమాఖర్చు, కుటుంబముతో నున్నవాని జమాఖర్చుతో పోలదని వారు గుర్తించిరి. 1925లో అదే కార్యాలయము సోలాపురపు నూలుమిల్లు పనివారి కుటుంబ బడ్జెట్లను విచారించెను. తెలుగు పద్మశాలీలు అధిక సంఖ్యలో నున్న ఊరగుటచే ఆ నివేదిక తెలుగువారి ఆర్థిక చరిత్రకును పనికివచ్చునది.

ఈ విచారణలు పండితుల వినోదమునకు జరిగినవి కావు. కుటుంబ బడ్జెట్టు నుండి జీవనవ్యయ సూచి పుట్టును. సూచి నుండి కరువుభత్యము పుట్టును. లెక్కకు ఎక్కిన ఊరి పనివానికి ధరలు పెరిగినప్పుడు అడుగుటకు ఆధారముండును. ఎక్కని ఊరి పనివానికి ఉండదు. స్వాతంత్ర్యానంతరము 1958-59లో కేంద్ర ప్రభుత్వపు లేబర్ బ్యూరో 50 కేంద్రములలో కార్మిక కుటుంబ జీవన సర్వే జరిపి 1960 ఆధారసంవత్సరముగా సూచిని నిర్మించెను. తెలుగుదేశము నుండి హైదరాబాదు, గుంటూరు, గూడూరు అందులో చేరెను. మహారాష్ట్రము నుండి బొంబాయి, నాగపురము, సోలాపురము చేరెను. భివండి చేరలేదు. ఆ సర్వే ప్రధానముగా ఫ్యాక్టరీలు, గనులు, తోటలందు రిజిస్టరులకు ఎక్కిన పనివారిని ఉద్దేశించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విద్యుచ్ఛక్తితో నడచుచు పదుగురు పనివారున్న శాలలకు నాడు వర్తించుచుండెను. అంతకు లోబడిన చిన్న చిన్న షెడ్లుగా పంచబడిన భివండి పరిశ్రమలో పెద్దభాగము ఆ కంటికి ఆనలేదు.

ఆదాయమును విడిచి వ్యయమును పట్టుట

1950లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ మార్గదర్శకత్వమున జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. పరిశీలకుడు ఇంటికి వెళ్లి, కుటుంబీకులతో కూర్చుండి, ఒక్కొక్క పద్దు అడిగి వ్రాసికొనుట దాని పద్ధతి. ఒకే ప్రాంతమును రెండు స్వతంత్ర నమూనాలతో, వేర్వేరు పరిశీలకుల చేత పరీక్షింపజేసి, రెండు ఫలితములను సరిపోల్చుట మహలనోబిస్ నేర్పిన ముఖ్యమైన పాఠము. భేదము కనబడిన, అది ప్రజలలోని భేదమా, అడిగినవారిలోని భేదమా యని విచారించుటకు వీలు కలుగును.

ఆ సర్వేవారు కుటుంబ ఆదాయమును కూడ పట్టజూచిరి. 1964-65 నాటి 19వ విడతలోను, 1969-70 నాటి 24వ విడతలోను ఆదాయమును గూర్చి ప్రశ్నలు వేయబడినవి. జనులు చెప్పిన ఆదాయము, వారే చెప్పిన వ్యయమును పొదుపును కలిపిన మొత్తము కన్న తక్కువగా తేలెను. 1983-84లో మరియొక ప్రయోగాత్మక ప్రయత్నము జరిగెను గాని, దేశవ్యాప్త సర్వేగా అది పరిణమింపలేదు. నాటి నుండి మన దేశమున బీదతనము ఆదాయముచేత గాక వ్యయముచేత కొలువబడుచు వచ్చినది. ఆదాయమును నేరుగా అడిగిన పెద్ద పరిశోధనలు కొన్ని ప్రభుత్వేతర సంస్థలవలన జరిగెను. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయము కలిసి 2004-05లో 41,554 కుటుంబములను, 2011-12లో మరల 42,152 కుటుంబములను విచారించినవి వానిలో ముఖ్యములు. వారు ఆదాయమును ఒక్క ప్రశ్నగా అడుగలేదు. వ్యవసాయము, కూలి, జీతము, వ్యాపారము, ఊరినుండి వచ్చిన సొమ్ము అని వేర్వేరుగా అడిగి, మొత్తమును తాము కూడిరి. కూడిక ఎవరు చేయవలెనను విషయమే ఈ చరిత్రకంతటికిని కీలకమైనది.

కుటుంబ మనగా ఎవరు?

ఆదాయమునకు ముందు కుటుంబము తేలవలెను. ఒకే వంటయింటి భోజనము చేయుచు సాధారణముగా కలిసి నివసించువారు ఒక కుటుంబమని నమూనా సర్వే నిర్వచనము. భివండిలో ఒంటరి వలసపనివారు 'బిస్సీ'లో భోజనము చేయుదురు. అనేకులు ఒకచోట తిని, వారమునకో నెలకో పైకము చెల్లించు భోజనశాల అది. వంటయిల్లు ఒక్కటే, కాని కుటుంబ మొక్కటి కాదు. ఇట్టి భోజనశాలలందలి ఒక్కొక్కరిని ఏకసభ్య కుటుంబముగా ఎంచవలెనని సర్వే సూచనలు చెప్పుచున్నవి. ఆ విధముగా సిరిసిల్ల ప్రాంతమున భార్యాబిడ్డలు గల మనిషి భివండిలో ఒంటరివాడగుచున్నాడు. అతడు పంపిన ధనము ఊరిలోని కుటుంబమునకు ఆదాయము; అతని లెక్కలో అది వ్యయము. ఊర భార్య చుట్టిన బీడీల కూలి అతని పత్రమునకు ఎక్కదు. ఇంటిముందు నిలుచున్న పరిశీలకుడు ఈ చిక్కును కన్నులారా చూచి, మరి రెండు ప్రశ్నలు వేసి విడదీయగలడు. షిరాస్ 603 మందిని వేరుగా వ్రాయించుటకు కారణమిదే.

టెలిఫోను వచ్చిన విధము

పాశ్చాత్య దేశములలో గృహములలో పెక్కింటను టెలిఫోను ఉండుట వలన ఆ మార్గమున సర్వేలు జరుపుట ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధముననే స్థిరపడెను. భారతదేశమున ఈ మార్పును తొందరపెట్టినది 2020 నాటి కరోనా మహమ్మారి. ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభము కాగానే పరిశీలకులు ఇంటింటికి వెళ్లుట అసాధ్యమైనది. అంతవరకు ఇండ్లకు పోయి ఆదాయవ్యయములను సేకరించుచుండిన సి.ఎం.ఐ.ఇ. సంస్థ ఫోనుమీద విచారించుటకు మారెను. జవాబు చెప్పిన కుటుంబముల సంఖ్య ఆ దశలో తగ్గెను. ప్రభుత్వపు నియతకాలిక శ్రామికబల సర్వేలో పట్టణ కుటుంబములను మొదటిసారి స్వయముగాను, తరువాతి మార్లు ఫోనుద్వారాను విచారించు పద్ధతి ఈ కాలముననే వ్యాపించెను.

ఆ వేసవిలో భివండి సాంచలు నిలిచిపోయెను. పనివారు కొందరు కాలినడకను, కొందరు మే నెలలో ఆరంభమైన శ్రామిక రైళ్లలోను స్వస్థలములకు తరలిరి. సర్వే చరిత్రలో ఇది గమనింపదగిన ఘట్టము. ఇల్లు చిరునామాను అంటియుండును. ఫోను మనిషిని అంటియుండును. తలుపు తట్టినవానికి భివండిలో తాళము కనబడినచోట, ఫోను చేసినవానికి ఊరికి చేరిన మనిషి పలుకును. పోయినవానిని వెంబడించుటలో టెలిఫోను వాకిటి ప్రశ్న కన్న మేలైనది. కాని లోపములును కలవు. ఇంటి ఫోను తరచు మగవాని జేబులో నుండును. కండెల కూలి ఎంతయో చెప్పవలసిన ఆడుమనిషి గొంతు వినబడదు. సాంచల చప్పుడులో పలుకువాడు త్వరగా ముగింపజూచి గుండు సంఖ్య చెప్పును. పరిచయము లేని కంఠము ఆదాయ మడిగిన అనుమానము సహజము. అయినను ఒక మేలు మిగిలినది: ఆవలి చెవిలో ఒక మనిషి యున్నాడు. "సేటు కోసుకొన్న అడ్వాన్సు కలిపి చెప్పితిరా, తీసివేసి చెప్పితిరా?" అని అతడు తిరిగి అడుగగలడు.

తెరమీది పత్రము

అంతర్జాల ప్రశ్నపత్రము ఆ మనిషిని కూడ తొలగించును. ఈ మార్పు సంపూర్ణముగా జరిగినచోట దాని స్వభావము స్పష్టముగా కనబడును. అమెరికా దేశమున పూర్వము దశవార్షిక జనగణనతో పాటు అడుగుచుండిన ఆదాయ ప్రశ్నలను 2005 నుండి పూర్తిస్థాయిలో అమెరికన్ కమ్యూనిటీ సర్వే అడుగుచున్నది. ఇటీవలి సంవత్సరములలో అది ఏటేట సుమారు 35 లక్షల చిరునామాలకు చేరుచున్నది. ఆ దేశమున తెలుగు మాట్లాడువారి సంఖ్య తెలియుటకును అదియే ముఖ్యాధారము. 2013 జనవరి నుండి ఆ సర్వే అంతర్జాలమున జవాబు నింపుటకు వీలు కల్పించెను. 2017లో టెలిఫోను విచారణను విరమించెను. అయినను జవాబు రాని చిరునామాలలో కొన్నిటిని ఎన్నుకొని ఇంటికి మనిషిని పంపు పద్ధతిని మాత్రము విడువలేదు. తెరచే అందనివారిని వాకిటనే అందుకొనవలెనని సంపన్న దేశమునకును తెలిసియుండుటకు ఇది నిదర్శనము.

అమెరికా జనగణన కార్యాలయము మరియొక విషయమునను జాగ్రత్త పాటించెను. మరియొక సర్వేలో 2014న ఆదాయ ప్రశ్నలను మార్చినపుడు, నమూనాలోని సుమారు 98,000 చిరునామాలను విభజించి, 68,000 చిరునామాలకు పాత ప్రశ్నలను, 30,000 చిరునామాలకు కొత్త ప్రశ్నలను వేసెను. ఆదాయము పెరిగినట్లు కనబడిన, పెరిగినది ఆదాయమా, ప్రశ్న యొక్క నేర్పా యని తేల్చుటకే ఈ యేర్పాటు. మహలనోబిస్ జంట నమూనాల వెనుక నున్న భావమే ఇచటను కనబడుచున్నది. ఈ జాగ్రత్త లోపించిన ఏమగునో భారతదేశమునకు అనుభవమే. 1999-2000 నాటి 55వ విడతలో ఆహారపు ఖర్చును ఒకే కుటుంబమును 7 దినములకును, 30 దినములకును ప్రక్కప్రక్కనే అడిగిరి. పూర్వపు విడతలలోని 30 దినముల లెక్కతో పోల్చుటకు వీలు చెడి, బీదలు నిజముగా ఎంత తగ్గిరను విషయమై ఆర్థికవేత్తల నడుమ ఏండ్ల తరబడి వివాదము సాగెను. పత్రములో ఒక గడి చేర్చినందులకే ఇంత జరిగిన, అడుగు మనిషినే తొలగించిన ఎంత జరుగునో ఊహింపవచ్చును.

భారత ప్రభుత్వమును ఈ దారిలో అడుగిడినది. గణాంక మంత్రిత్వ శాఖ 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు సంస్థల పెట్టుబడి ఉద్దేశములను గూర్చి, సంస్థలే స్వయముగా నింపు అంతర్జాల సర్వేను జరిపెను. రాబోవు జనగణనలో కుటుంబములు తమ వివరములను తామే నింపుకొనుటకు వీలు కల్పించు నిర్ణయమును 2025లో ప్రకటితమయ్యెను. ఆ సంవత్సరము జూను నెలలోనే, సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల సంఘమును నియమించి, 2026లో తొలి దేశవ్యాప్త కుటుంబ ఆదాయ సర్వే జరుపుదుమని మంత్రిత్వ శాఖ తెలిపెను. ఆగస్టులో ప్రశ్నపత్రమును ముందుగా పరీక్షింపగా, జవాబు చెప్పినవారిలో సుమారు 95 శాతము మంది ఈ వివరములు బయట చెప్పరానివని భావించిరి. అరువది యేండ్ల క్రిందట లెక్కలను తక్కువ చేసిన సంకోచమే నేటికిని వాకిట నిలిచియున్నది.

ఈ సంకోచమునకు తెరమీది పత్రము కొంత మందు కాగలదు. పరిశీలకునితో చెప్పుటకు జంకువాడు, ప్రక్కగదివారు వినకుండ ఒంటరిగా నింపుకొనగలడు. మనిషి యెదుట లేనప్పుడు బిడియపు విషయములు హెచ్చు నిజముగా వెలువడునని సర్వే శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. జీతము బ్యాంకులో పడు ఉద్యోగికి ఇది సుకరము. అతని కూడికను యజమానియే చేసిపెట్టియున్నాడు. సాంచ పనివానికో, ఆ కూడిక, తీసివేత, కుటుంబ మెవరను నిర్ణయము, మూడును అతని తలమీదనే పడును. పత్రము అతనికి వచ్చిన లిపిలో నుండవలెను. పద్మనగర్ పెద్దలలో తెలుగు చదువనేర్చినవారు కలరు. మహారాష్ట్రమునందలి పత్రము మరాఠీలోనో, హిందీలోనో, ఆంగ్లములోనో వచ్చుట సహజము. అప్పుడు మరాఠీ బడిలో చదివిన కొడుకో కూతురో ఆ పత్రమును నింపును. తండ్రి అడ్వాన్సు బాకీ, తల్లి కండెల కూలి ఆ బిడ్డకు ఎంత తెలియునో అంతయే ప్రభుత్వమునకును తెలియును. నింపలేక విడిచినవాడు లెక్క తప్పినవాడుగా గాక, లెక్కలోనే లేనివాడుగా మిగులును. విడిచినవారిలో బీదలే హెచ్చైనచో, ఊరి సగటు ఆదాయము కాగితముమీద తనంత తానే పెరుగును.

చరిత్ర చెప్పునది

ఈ నూరేండ్ల కథ నుండి కొన్ని విషయములు తేటపడుచున్నవి. మొదటిది, అంతర్జాల పత్రమును ప్రవేశపెట్టిన తొలి సంవత్సరమున ఫోను, వాకిటి విచారణలు కూడ వేరు నమూనాలపై ప్రక్కప్రక్కనే నడువవలెను. రెండవది, ఆదాయ మెంతయని అడుగుటకు మారుగా, మీటరు కూలి, కోత, కండెల డబ్బు, ఊరికి పంపినది అని విడివిడిగా అడిగి, కూడికను యంత్రమునకు అప్పగింపవలెను. మనిషి వంతు కూడికను వహించుటకే యంత్రము పనికివచ్చును గాని, అతని వంతు మాటను వహింపజాలదు. మూడవది, వలసపట్టణములలో పత్రము వలసవారి లిపిలోను ఉండవలెను. నాలుగవది, బిస్సీలో తిను ఒంటరివానిని 1921-22లో వలె వేరుగా గుర్తింపవలెను. ఐదవది, జవాబు రాని ఇండ్లకు పోవుటకు పరిశీలకులను నిలుపుకొనవలెను.

ఇందులకయ్యెడి వ్యయము స్వల్పము కాదు. ఫోను కన్న తెర చౌక, వాకిలి కన్న ఫోను చౌక యనుట సత్యమే. కాని చౌకగా వచ్చిన సంఖ్యకు వెల చెల్లించువారు వేరు. 1958-59లో భివండి ఆ 50 కేంద్రములలో లేకపోవుటకు ఎవరి ద్వేషమును కారణము కాదు. రిజిస్టరులో పేరు లేకపోవుటయే కారణము. రాబోవు గణనలలో తెర తెరువలేని కారణమున అదే పట్టణపు అదే ఇండ్లు మరల లెక్క వెలుపల నిలిచినచో, దోషము సాంచ నడుపువానిది కానేరదు. పడుగు పోగు ఒక్కటి తెగిన, నేతగాడు సాంచను ఆపి, ఆ పోగును వెదకి ముడివేసిన పిమ్మటనే మరల నడుపును. గణకులకును ఆ ధర్మము వర్తించును.